ఎర్రపళ్ళు

2025 సెప్టెంబర్ 7

అరకులోయ మండలం కాఫీ తోటల్లో బెర్రీ బోరర్ పురుగు కనబడిందని పోయిన నెల నుంచీ ఇదే మాట. పొద్దున్నే నాన్నా నేనూ తోటలోకి దిగాం. పచ్చికాయ కొసన, బొడ్డు దగ్గర, గుండుసూది గుచ్చినంత బెజ్జం ఉంటే అదే. లోపలి పురుగు నువ్వుగింజంత కూడా ఉండదట. పట్టిన చెట్ల కాయలు దూసేసి, వేడినీళ్ళలో ముంచి, గొయ్యి తీసి పాతెయ్యాలి. సాయంత్రం దాకా తిరగేశాం. మాకు తగల్లేదు. నాన్న మాత్రం అన్నం దగ్గర కూడా కాయలే చూస్తున్నాడు.

నవంబర్ 24

మొదటి కోత. ఒక్క గుత్తిలోనే ఎరుపు, పసుపు, పచ్చ మూడూ ఉంటాయి. ఎర్రది ఒక్కటే పట్టి మెలితిప్పాలి, తొడిమ కొమ్మకే ఉండాలి. అమ్మ చేతులు ఆడుతుంటే చూడాలి. కూలీలకి కిలో లెక్కన ఇస్తే గుత్తి గుత్తీ దూసేస్తారు, వాళ్ళననీ లాభం లేదు. అందుకే బాబాయి పిల్లల్ని పిలిచి రోజుకూలి ఇచ్చాం. మంచి కాఫీకి ఖర్చంతా ఇక్కడే.

నవంబర్ 26

పళ్ళు నీళ్ళలో పోసి, తేలినవి తీసేసి, పల్పర్‌లో ఆడించి తొక్క తీసి, జిగురు వదలడానికి గింజలు పులియబెట్టాం. నిన్న రాత్రి చలికి పులుపు ఎక్కలేదు. ఇవాళ మధ్యాహ్నం గింజలు గుప్పిట పట్టి నలిపాను, ఇంకా జారుతున్నాయి. చీకటి పడ్డాక మళ్ళీ నలిపితే గులకరాళ్ళలా గరగరమన్నాయి. వెంటనే కడిగేశాం. ఇంకో పూట ఉంచితే వాసన పట్టేస్తుంది. ఊటనీళ్ళు కావిడితో మోసి బాబాయి భుజం కదుములు కట్టింది.

డిసెంబర్ 12

షావుకారు వచ్చాడు. పచ్చో ఎరుపో చూడడు, గుమ్మంలోనే కాటా, చేతిలో డబ్బు. మనం కడిగి, పొరతోనే ఆరబెట్టే పార్చ్‌మెంట్‌కి ధర బాగానే ఉంటుంది గానీ, ఐదారు కిలోల పళ్ళకి ఒక్క కిలో. అదీ ఎండి, తూకమై, డబ్బు చేతికొచ్చేసరికి పండగ దాటుతుంది. 2019లో మన అరబికాకి జి.ఐ. (భౌగోళిక) గుర్తింపు వచ్చిన సంగతి షావుకారుకీ తెలుసు. "పేరు పెద్దదేనమ్మా" అన్నాడు. ధర చెప్పేటప్పుడు ఆ పేరు గుర్తు రాలేదు.

నాన్న ఇచ్చేద్దామన్నాడు. తమ్ముడి హాస్టల్‌ బాకీ, ఎరువు బాకీ. సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాలు ఇప్పుడప్పుడే కోతకి రావు.

నేను వాదించాను. వాదించడం తేలికే, బాకీవాళ్ళు నా దగ్గరికి రారుగా!

డిసెంబర్ 14

అమ్మ తేల్చేసింది. కింది చెక్క పళ్ళు షావుకారికి, ఆ డబ్బుతో బాకీలు. పైచెక్క ముట్టుకోవద్దు, అక్కడ నీడ ఎక్కువ, పండు నిదానంగా ముగ్గుతుంది, గింజ గట్టిది. "దాన్ని ఎర్రబడ్డాకే కోద్దాం, ఎన్నిసార్లైనా ఎక్కుదాం" అంది. నాన్న ఏమీ అనలేదు. టార్పాలిన్ చిరుగులు కుట్టడానికి దబ్బనం అడిగాడు.