అరవై ముక్కల సాధన

కలపడం ఆపి, కట్టను బల్ల మీద నిలబెట్టి అంచులు సరిచేశాడాయన. దాన్ని కంటి ఎత్తుకు లేపి, లైటుకు ఎదురుగా పట్టుకుని పక్కనుంచి చూశాడు. అరవై కార్డులు, వాటికి తొడిగిన అరవై కొత్త ప్లాస్టిక్ స్లీవులు. మధ్యలో ఒకచోట వెంట్రుకవాసి సందు. అక్కడ గోరు పెట్టి తీస్తే ఒక మెరుపు కార్డు కాస్త వంగి ఉంది.

"కన్ను చూడకపోయినా వేలికి తెలిసిపోతుంది. జడ్జి దీన్ని గుర్తు పెట్టిన కార్డు కింద లెక్కేస్తాడు. మామూలుది వేసుకో" అని మా మేనకోడలి చేతికిచ్చాడు.

సియాటెల్ పక్కన రెడ్‌మండ్‌లో, కిరాణా కొట్టుకూ పళ్ల డాక్టరు గదికీ మధ్య ఇరుక్కున్న కార్డుల షాపు అది. ఇక్కడి మన పిల్లల ఆటల మీద రాయమని సంపాదకులు అడిగితే, "ముందు మా అమ్మాయి సాధన చూడు అన్నయ్యా" అని చెల్లెలు లాక్కెళ్లింది. పదమూడేళ్ల పిల్ల సియాటెల్ రీజినల్ టోర్నమెంటుకు తయారవుతోంది. ఆట పోకెమాన్. 1996లో జపాన్‌లో పుట్టిన ఈ కార్డుల ఆటను 1999లో అమెరికాకు తెచ్చింది ఇక్కడికి దగ్గర్లోనే రెంటన్‌లో ఉన్న విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్. ఇప్పుడు నడిపిస్తున్న పోకెమాన్ కంపెనీ అంతర్జాతీయ కార్యాలయం పక్కనే బెల్లెవ్యూలో ఉంది. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఇల్లు కొనుక్కున్న ఊళ్లే ఇవన్నీ. అయినా పిల్లలు ఆ బల్లల దగ్గర ఏం నేర్చుకుంటున్నారో చూసిన పెద్దలు తక్కువ.

మొదట కట్టను పక్కనుంచి చూసిన ఆయన్ని పిల్లలు కోచ్ అంటారు. పగలు సిటీ బస్సు నడుపుతాడు. 1994లో, మ్యాజిక్ అనే కార్డుల ఆట బయటికొచ్చిన మరుసటేడు, కార్డులు పట్టుకున్నాడు. ఇక్కడ పైసా తీసుకోడు. లావుపాటి వేళ్లు, కానీ కట్టను రెండుగా విడదీసి ఒక సగాన్ని రెండో సగంలోకి తోస్తుంటే ఒక్క స్లీవు మూల కూడా మడత పడదు. కార్డుల ముఖాలు ఎదుటివాడికి కనపడకుండా కట్టను బల్లకు ఆనించే కలుపుతాడు. మా పిల్ల చేతులు చిన్నవి. స్లీవులు తొడిగాక అరవై కార్డులూ ఆ గుప్పిట్లో ఇమడవు. అందుకని కట్టను అడ్డంగా తిప్పి, పొడుగు అంచుల నుంచి కలపడం నేర్పాడు. ముక్కల్ని కుప్పలుగా పేరిస్తే కలిపినట్టు కాదట, అది అరవై ఉన్నాయో లేవో లెక్క చూసుకోవడానికే. యాభై రెండు ముక్కల పేక బాగా కలవాలంటే ఏడుసార్లు కలపాలని బేయర్, డయాకోనిస్ అనే గణితజ్ఞులు 1992లో లెక్కగట్టి చూపారు. కోచ్ ఆ పేర్లేవీ ఎత్తలేదు. "ఆగకు, ఇంకా కలుపు" అన్నాడంతే.

ఆ సాయంత్రం నన్ను కట్టిపడేసింది ఇంకో కసరత్తు. ఈ ఆటలో మొదట ఏడు కార్డులు చేతిలోకి తీసుకుంటారు. ఆరు కార్డులు బహుమతులుగా బోర్లించి పక్కన పెడతారు. అవేమిటో పెట్టినవాళ్లకే తెలియదు. ఎదుటివాడి పోకెమాన్‌ను ఓడించినప్పుడల్లా వాటిలోంచి తీసుకుంటూ పోవాలి, ఆరూ ముందు తీసుకున్నవాళ్లు గెలుస్తారు. అంటే నా కట్టలో ఒకే ఒక్కటి ఉన్న కీలకమైన కార్డు ఆ ఆరింట్లో చిక్కుకునే అవకాశం పదింట ఒకటి. అందుకే కట్టలో వెతుక్కునే అవకాశం మొదటిసారి రాగానే, కావలసినదాన్ని తీసుకోవడం ఒక్కటే కాదు, లేనివేవో కనిపెట్టాలి. చేతిలోవీ కట్టలోవీ చూసి, కనపడని ఆరింటి పేర్లూ చెప్పాలి.

కోచ్ గడియారం చూస్తూ కూర్చున్నాడు. మా పిల్ల కార్డుల్ని విసనకర్రలా విప్పి కళ్లతో చకచకా దాటేసింది, పెదాలు మాత్రం కదులుతున్నాయి. "రెండు ఎనర్జీలు, ఒక రేర్ క్యాండీ, ఒక అల్ట్రా బాల్, ఒక బాసెస్ ఆర్డర్స్..." ఆరోది తట్టలేదు. అరనిమిషం దాటింది. బోర్లించినవి తిప్పి చూస్తే చెప్పిన అయిదూ సరిగ్గా ఉన్నాయి. కోచ్ మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. మళ్లీ కలపమన్నాడు. మళ్లీ, మళ్లీ. మ్యాచికి ఇచ్చేది యాభై నిమిషాలు, అందులో మూడింట రెండు ఆటలు నెగ్గాలి. ఆలోచన ఎంత గొప్పదైనా సమయం మించితే మ్యాచి డ్రా అయిపోవచ్చు. నెగ్గితే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటే.

బేసిక్ ఎనర్జీ తప్ప ఏ కార్డూ నాలుగు కాపీలకు మించి పెట్టుకోకూడదు. నాలుగూ పెట్టుకున్నా మొదటి ఏడు కార్డుల్లో అది పడే అవకాశం నూటికి నలభై. ఆ నలభైని ఆయన పిల్లలకు నోటితో చెప్పడు. కట్ట కలిపి ఏడేసి తీయించి, పడిందా లేదా అని కాగితం మీద గీతలు పెట్టిస్తాడు. నలభై అంటే ఎంతో చేతికి తెలిసేదాకా అదే పని. గణితం ఇంత ఓపికగా చెప్పే గది ఇంకోటి నేను చూడలేదు.

సాధనకు డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. లేని కార్డు పేరు చీటీ మీద రాసి స్లీవులో దూర్చి ఆడుకోవచ్చు. అసలు కార్డులు టోర్నమెంటు రోజున ఉంటే చాలు. పైగా ఒకే కార్డు మామూలు ముద్రణలోనూ, బంగారు తళుకులతోనూ వస్తుంది. రెండింటి బలం ఒక్కటే.

ఇక్కడే నాకు ఒళ్లు మండింది. పక్క బల్ల దగ్గర ఒక తండ్రి, మనవాడే, కొడుకుతో తెలుగులో అంటున్నాడు: "దాంతో ఆడతావేంట్రా? గీత పడితే సగం రేటు కూడా రాదు. లోపల పెట్టు." కుర్రాడు ఆ కార్డును గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేసి, ఖాళీ చేతులతో మిగతావాళ్ల ఆట చూస్తూ కూర్చున్నాడు.

షాపు గోడంతా అలాంటి డబ్బాలే. కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో పదికి మార్కులేసి, ముద్ర వేసి సీలు చేసినవి. లోకంలోకెల్లా ఖరీదైన కార్డుల్లో ఒకటి, పికాచు ఇలస్ట్రేటర్, 1998 ప్రాంతంలో జపాన్‌లో బొమ్మల పోటీలో నెగ్గినవారికి బహుమతిగా ఇచ్చినది. 2021లో అది 52 లక్షల 75 వేల డాలర్లకు చేతులు మారింది. దాన్ని టోర్నమెంటు బల్ల మీద వేయడం కుదరదు, అది ఆడటానికి చేసిన కార్డు కాదు. దాని మీద నాకేం కోపం లేదు. కానీ అదే చూపు ఆడే కార్డుల మీదికీ వచ్చింది. కొత్త సెట్టు వచ్చిన రోజు తెల్లవారకముందే వరసలో నిలబడి పెట్టెలకు పెట్టెలు కొనేది ఎక్కువగా తిరిగి అమ్ముకునేవాళ్లే అని కోచ్ బాధపడ్డాడు. బడి వదిలాక వచ్చే పిల్లలకు మిగిలేది ఖాళీ అరలు. ఒకప్పుడు షాపు నిండా బల్లలుండేవట. ఇప్పుడు గాజు బీరువాలు ముందుకు జరిగాయి, బల్లలు వెనక గోడకు చేరాయి.

మన ఇళ్లలో ఇంకో అడ్డంకి ఉంది. చేతిలో ముక్క కనపడితే పేకాట అనే భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు, కొంపలు ఆరిపోవడం చూసిన తరాలు మనవి. కానీ సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులోనే 1967లో సుప్రీంకోర్టు తేడా చెప్పింది: పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీ మూడు ముక్కలాటలా ఒట్టి అదృష్టం కాదని. ఈ పిల్లల ఆటలోనూ పందెం లేదు. అలాంటప్పుడు స్పెల్లింగ్ బీకి రాత్రిళ్లు పక్కన కూర్చునే తండ్రి, చదరంగం కోచింగుకు వారం వారం కారు తీసే తల్లి, ఈ బల్ల దగ్గర మాత్రం ధర ఒక్కటే ఎందుకు అడుగుతారు? పెట్టుబడి పేరుతో కార్డులు లోపల పెట్టించినవాళ్లు పిల్లల నుంచి లాక్కుంటున్నది ఆటను. ఆటలోకి వచ్చిన అసలైన జూదం ఇదే, ఇది పెద్దలదే.

షాపు మూసే వేళయింది. కట్టలో ఏ కార్డులు, ఏ సెట్టువి, ఏ నంబరువి అన్నీ జాబితా రాసి ముందే పంపాలి, తప్పు రాస్తే ఆట కోల్పోయే శిక్ష పడొచ్చు. మా పిల్ల లెక్కపెడితే అరవై ఉండాల్సిన చోట అరవై ఒకటి వచ్చాయి.

"మామయ్యా, మూడో బాసెస్ ఆర్డర్స్ తీసేయనా?"

నాకేం తెలుసు? కోచ్ వైపు చూశాను. "ఓడిన ఆటల పుస్తకం తియ్" అన్నాడు. ప్రతి ఓటమికీ ఒక పేజీ ఉంది అందులో: ఏ కార్డు చేతిలో పనికిరాకుండా ఉండిపోయింది, ఏది సమయానికి రాలేదు. పేజీలు తిప్పింది. ఆ కార్డు లేక ఓడినవి చాలానే ఉన్నాయి. నాలుగో అల్ట్రా బాల్ పనికిరాకుండా ఉండిపోయిన ఆటలు అంతకంటే ఎక్కువ కనిపించాయి. దాన్ని తీసి పెట్టెలో వేసి, జాబితా మొదటినుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టింది.