కట్టె లేని ఏడు

పోయిన ఉగాదికి మా ఊళ్ళో బండలాగుడు పోటీలు పెట్టారు. నేనూ ఐదు వేలు చందా ఇచ్చాను. మోకాళ్ళ నొప్పులంటున్నా వినకుండా మా నాయనను తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాను.

పళ్ళను బట్టి విభాగాలు. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. టన్నుల బరువున్న బండను ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎక్కువ దూరం లాగితే బహుమతి దానిది. ఆ ఒంగోలు ఎద్దుల ఒళ్ళు నిగనిగలాడుతోంది. ఉలవలు, గుడ్లు, బాదంపప్పు పెట్టి సాకుతారట.

మైకులో ఒకటే అరుపులు. నేనూ ఈల వేశాను. ఆఖరి నిమిషంలో ఎడమ ఎద్దు మోకాళ్ళ మీద పడింది. చర్నాకోల లేచింది. తోక మెలిపెట్టారు. ఎద్దు లేచింది. జనం ఇంకా గట్టిగా అరిచారు.

“పదరా, ఇంటికి పోదాం” అన్నాడు నాయన.

దారిలో నేను చదువుకున్నదంతా చెప్పడం మొదలుపెట్టాను. జంతువులను కొట్టడం 1960 చట్టం ప్రకారమే నేరం. 2011లో కేంద్రం ప్రదర్శనలకు వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. ఎద్దు గుర్రంలా పరుగుకు పుట్టింది కాదని 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎద్దుల బండ్ల పందేలనూ తప్పుపట్టింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాన్ని సవరించుకుంటే, 2023 మే 18న అదే కోర్టు ఆ సవరణలను ఒప్పుకుంది.

“జీవాలకు ఐదు స్వేచ్ఛలు ఉన్నాయని 2014 తీర్పులో రాశారు నాయనా. మొదటిది, ఆకలిదప్పులు లేకుండా బతకడం.”

నాయన నిలబడిపోయాడు. “మన ఎద్దులకు అది యెవురిచ్చినార్రా?”

నాకు 2002 గుర్తొచ్చింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. ఆ ఏడు అదీ లేదు. చెనక్కాయ పోతే కాయలు ఒక్కటే పోవు, పశువులు తినే కట్టె కూడా పోతుంది. వామి అడుగంటింది. డొక్కలెండిన జతను నాయన సంతకు తోలుకుపోయి సగం ధరకు అమ్మాడు. కొన్నవాళ్ళు సేద్యగాళ్ళు కారని అందరికీ తెలుసు. పలుపులు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. ఇప్పుడు మా ఊళ్ళో ఎద్దంటే పందెం ఎద్దే. పోటీలు లేకపోతే ఆ జాతిని సాకేదెవరు అంటారు పెట్టేవాళ్ళు. అందులో నిజం లేకపోలేదు. కానీ తిండి పెట్టినంత మాత్రాన కొట్టే హక్కు వస్తుందా?

అదే నాయనను అడిగాను. “వాళ్ళు కడుపు నిండా పెట్టి కొడ్తాండారు. మనం కొట్టకుండా కడుపు మాడ్చినాం. నువ్వు వాళ్ళనే అడుగుతాండావు” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఈల వేసింది కూడా నేనే.

మర్నాడు కమిటీ వాళ్ళకు చెప్పాను, చర్నాకోల లేకుండా, పశువైద్యుణ్ణి పెట్టి నడిపితేనే వచ్చే ఏడు చందా ఇస్తానని. నవ్వారు.

“కొట్టకుంటే ఎద్దు యాడ కదుల్తాది సామీ?”

మా కర్రెద్దు నాయన మాట వింటే చాలు, కదిలేది.