ఆదివారం కారు

హబ్సిగూడలో మా వీధివారికి ఆదివారం వచ్చిందని తెలియడానికి క్యాలెండరు చూడనక్కరలేదు. ఉదయం ఎనిమిదింటికి మా ఫియట్ స్టార్టయితే చాలు. 1968లో మా యింటి పెద్దాయన ఏళ్ళ తరబడి వరుసలో వేచియుండి కొనుక్కున్న కారది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వారు తయారు చేసిన ఫియట్ 1100 డిలైట్. 1089 సి.సి. ఇంజను, స్టీరింగు ప్రక్కనే గేరు. ఇంచుమించు ఆ బండే తరువాతి కాలంలో పద్మిని అనే పేరుతో దేశమంతా తిరిగింది. పెద్దాయన గతించాక దానిని అమ్మడానికి మాకు మనసొప్పలేదు. ఆదివారం తార్నాకలో ఆరాధనకు వెళ్ళి రావడం, రాగానే తుడిచి గుడ్డ కప్పడం, మిగిలిన ఆరు దినాలు దానికి విశ్రాంతి. పాత వస్తువును మాలాగా చూచుకొనేవారు ఎందరున్నారని లోలోపల మురిసిపోయేవారం కూడా.

2023 వానాకాలంలో మా మనుమరాలు ప్రతి ఆదివారం తలనొప్పి అనడం మొదలుపెట్టింది. సోమవారానికి నొప్పి ఉండదు. సండే స్కూలులో కంఠత వాక్యం అప్పజెప్పాలి గనుక సాకులు చెబుతోందనుకున్నాం. ఒక ఆదివారం గట్టిగానే కోప్పడ్డాం. "బండిలో కూర్చున్నాకే వస్తది తాతయ్యా" అని ఆ పిల్ల కళ్ళనీళ్ళతో చెప్పింది. మేము వినిపించుకోలేదు.

పాత బండ్లకు ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను తిరిగి చేయించుకోవాలి. ఆ గడువు దగ్గర పడిందని నాచారంలో మాకు తెలిసిన మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్ళాం. ఆయన బండి క్రిందికి దూరి, అయిదు నిమిషాలకు బయటికి వచ్చి, స్క్రూడ్రైవరు చూపించాడు. సైలెన్సరులో పొడిస్తే పిడి దాకా దిగిపోయిందట. "పైకి మంచిగనే కనపడుతది సార్, లోపట్నుంచి ఖరాబయింది. వెనక సీటు కింద రేకుకు కూడా తూటు పడ్డది. ఇండ్ల పిల్లల్ని కూర్చోబెడుతున్నరా?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూచుకున్నాం. ఇంజను వేడెక్కాలని ప్రతి ఆదివారం పోర్టికోలో పది నిమిషాలు స్టార్టు చేసి ఉంచుతాం. వాన కదా అని అద్దాలన్నీ ఎత్తేసి, ఆ పిల్లను ముందే వెనుక సీట్లో కూర్చోబెడతాం. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తం ఆక్సిజన్‌ను పట్టుకొనేదానికంటే 200 రెట్లకు పైగా బలంగా దీనిని పట్టుకొంటుంది. మొదటి గుర్తు తలనొప్పే. పాత కారున్న పాఠకులెవరైనా ఉంటే, దయచేసి ఈ పేరా చదివిన రోజే బండి క్రిందికి ఒకసారి చూపించండి.

ఇంటికి వెళ్ళిన వెంటనే ఆ పిల్లను క్షమించమని అడిగాం. "అయితే నేను అబద్ధం చెప్పలేదు కదా" అంది. అంతే అంది.

అంత జాగ్రత్తగా చూచుకొన్న బండి ఎందుకిలా అయిందంటే, ఆ జాగ్రత్త వల్లనే. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండి దూరం నడిస్తే గొట్టమంతా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. హబ్సిగూడ నుండి తార్నాకకు ఎంత దూరం? సైలెన్సరు వేడెక్కేలోగా గుడి వచ్చేస్తుంది. నీరు లోపలే నిలిచి, వారమంతా గుడ్డ క్రింద నెమ్మదిగా ఇనుమును తింటుంది.

మా అబ్బాయి వెడల్పాటి స్టీలు గొట్టం వేయించేద్దాం, జీవితాంతం తుప్పు పట్టదన్నాడు. నాచారంలో ఒక చోట అలాంటిది బిగించిన కారు శబ్దం విన్నాం. ఆదివారం ఉదయం ఆ మోతతో గుడి ఆవరణలోకి వెళ్ళడం ఊహించుకొని వద్దన్నాం. ఉన్నది ఉన్నట్టే కావాలి, అదీ 1968 నాటిదే కావాలని పట్టుబట్టాం. యాభై ఏళ్ళు దాటి, మూలరూపంలో ఉన్న బండ్లను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చని 2021లో నియమాలు వచ్చాయి. కాని అలా నమోదైన బండిని మామూలు రాకపోకలకు వాడకూడదు. ఆదివారం కదలని కారు మాకెందుకు?

సికింద్రాబాదు రాణిగంజ్‌లో విడిభాగాల దుకాణాలన్నీ మూడు శనివారాలు తిరిగాం. ఫియట్ పేరు చెబితే కుర్రవాళ్ళు నవ్వారు. పద్మినీల తయారీ ఆగి ఇరవై ఏళ్ళు దాటింది. బొంబాయి టాక్సీలు తిరిగినన్నాళ్ళు సరుకు వచ్చేదని ఒక ముసలి దుకాణదారు చెప్పారు. ఆ అక్టోబరులోనే అక్కడి చివరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు దిగిపోయిందని పత్రికల్లో చదివాం.

అప్పుడు పెద్దాయన రేకు పెట్టె తీశాం. ఆయన ప్రతి రసీదు దాచేవారు. అందులో సైలెన్సరు రసీదులే మూడు: 1974, 1981, 1989. మూడూ రాణిగంజ్‌వే! అసలుదని మేము కాపాడుకొంటూ వచ్చింది నాలుగవ సైలెన్సరన్నమాట. పెద్దాయన ఉంటే ఎంత నవ్వేవారో. అది అరిగిపోయే వస్తువు, చెప్పుల వంటిది. చూడవలసింది దాని వయస్సు కాదు, గొట్టం లావు, డబ్బా కొలత, ఇరుసును తప్పించుకొంటూ పోయే ఆ వంపు.

రసీదులు పట్టుకొని మళ్ళీ ఆ ముసలాయన దగ్గరకే వెళ్ళాం. వాటిని చాలాసేపు చూచి, కుర్రవాణ్ణి అటక ఎక్కించారు. పాత ఉర్దూ పేపరులో చుట్టి, గ్రీజు పూసి ఉంచిన పద్మిని సైలెన్సరు డబ్బా ఒకటి దొరికింది. గొట్టం మాత్రం దొరకలేదు. దానిని నాచారంలోనే మేస్త్రీ చేశాడు. పాతదాన్ని నేలమీద పెట్టి సుద్దతో గీత గీసుకొని, కొత్త గొట్టంలో ఇసుక కూరి, రెండు చివరలు బిగించి, ఎర్రగా కాల్చి వంచాడు. ఇసుక లేకపోతే వంపు దగ్గర గొట్టం నలిగిపోతుందట. ఇసుకలో తడి ఉంటే ఆవిరి పుట్టి పేలుతుందట, అందుకని ముందు దానిని పెనం మీద వేయించాడు, మా వంటింట్లో రవ్వ వేయించినట్టు. వెనుక సీటు క్రింది రేకు కూడా కోసి కొత్తది అతికాడు.

ఇప్పుడు పోర్టికోలో వేడెక్కించడం మానేశాం. ఆరాధన అయ్యాక నేరుగా ఇంటికి రాము, ఉప్పల్ మీదుగా వరంగల్ రోడ్డున ఘట్‌కేసర్ దాకా వెళ్ళి వస్తాం. మొదటి ఆదివారం ఎదురింటి అమ్మగారు గేటు దగ్గరకు వచ్చి, "ఏమండీ, ఈ వేళ గుడికి పోలేదా? కారు చప్పుడే వినబడలేదు" అన్నారు. మనుమరాలు వెనుక సీట్లో నిద్రపోతోంది. తట్టి లేపి, తలనొప్పి ఉందా అని అడిగాం. ఆకలేస్తోందంది.