ఉడుకు నీళ్ళ డైరీ

జనవరి 14, 2025, మంగళవారం, నవీపేట్

సంక్రాంతి పూట టీవీ పెడితే పసుపు బోర్డు వార్తే. ఢిల్లీలో పీయూష్ గోయల్ ప్రారంభించారు, కేంద్ర కార్యాలయం మన నిజామాబాద్‌లో. ఎన్నేళ్ళ కొట్లాట ఇది! వాకిట్లో అందరూ అదే ముచ్చట. అమ్మ మాత్రం అరుగు మీద కూచుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. పసుపు తవ్వకం మొదలైతే పొద్దంతా గొంతుక్కూచుని కొమ్ములు విరవాలి. ఆ పనికి మోకాళ్ళు ఏమవుతాయో ఇక్కడి ఆడవాళ్ళను అడగాలి.

"కడాయిలు పొయ్యెక్కకముందే ఒక్కపారి ఉనకేశ్వర్ తీస్కపో బిడ్డా" అంది.

జనవరి 18, శనివారం

మేకల సంత రోజు కావడంతో రోడ్డు మీద అడుగు పెట్టే సందు లేదు. టీ కొట్టు దగ్గర ఉనకేశ్వర్ మాట ఎత్తగానే ముగ్గురు ముసలోళ్ళు మూడు కథలు చెప్పారు. ఒకాయనకు తామర పోయిందట, ఒకాయన బావమరిదికి గజ్జి పోయిందట. మూడో ఆయనకు ఏమీ పోలేదు గానీ ఆ నీళ్ళలో కూచుంటే ప్రాణం సుఖంగా ఉంటుందన్నాడు. నాకు ఆ మూడో మాటే నచ్చింది.

మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లా కిన్వట్ వైపు, పెన్‌గంగ నది దగ్గర ఉందా ఊరు. శివాలయం, పక్కనే గంధకం కలిసిన ఉడుకు నీళ్ళ ఊట. శరభంగ మహర్షికి ఒళ్ళంతా రోగమొస్తే రాముడు బాణం వేసి భూమిలోంచి ఆ నీళ్ళు తెప్పించాడని అక్కడివాళ్ళ నమ్మకం. రాష్ట్రం వేరే గానీ ఆ దిక్కున తెలుగు బాగానే వినబడుతుంది, ఆదిలాబాద్ పల్లెలకు అది పక్కూరు లెక్క.

జనవరి 26, ఆదివారం, ఉనకేశ్వర్

నిజామాబాద్‌లో అర్ధరాత్రి కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, చీకటుండగానే కిన్వట్‌లో దిగి, అక్కణ్ణుంచి జీపులో వచ్చాం.

వాసన ముందు పలకరించింది. కోడిగుడ్డు మురిగిన వాసన, గంధకం నీళ్ళ గుర్తు. అమ్మ మెట్టు మీద కూచుని ముందు పాదాలు దింపింది. కాసేపటికి పిక్కలదాకా, తర్వాత మోకాళ్ళదాకా. మొహంలో ముడతలు మెల్లగా వదులయ్యాయి. పక్కన ఎవరో ముసలమ్మ మరాఠీలో ఏదో అడిగితే అమ్మ తెలుగులో జవాబు చెప్పింది. ఇద్దరూ మోకాళ్ళు చూపించుకుని మాట్లాడుకున్నారు, భాష అడ్డం రాలేదు.

బయటికొచ్చాక చూస్తే కాలి మట్టెలు నల్లబారాయి. అమ్మ భయపడింది. వెండికి గంధకం తగిలితే అంతే, తోమితే పోతుందని చెప్పాను.

ఈ నీళ్ళు సోరియాసిస్‌ను కుదురుస్తాయని నేను రాయను. వేడికి కండరాలు సడలి కీళ్ళ నొప్పి కొంత తగ్గుతుంది, గంధకాన్ని చర్మవైద్యులు కూడా పాతకాలం నుంచి మందుల్లో వాడుతున్నారు. అంతవరకు చెప్పడం న్యాయం. డాక్టరు రాసిచ్చిన మందు మానేసి ఇక్కడికి వచ్చేవాళ్ళను చూస్తే గుండె తరుక్కుపోతుంది.

జనవరి 27, సోమవారం, తిరుగు రైలులో

ఇలాంటి ఊట పుట్టేదెలాగంటే, ఎక్కడో కురిసిన వాన రాతి పగుళ్ళలో పడి కిందికి దిగుతుంది. కిలోమీటరు లోతుకు 25 నుంచి 30 డిగ్రీల లెక్కన వేడి పెరుగుతుంది. కాగిన నీరు దారిలో రాతిలోని లవణాల్ని కరిగించుకుని, ఇంకో పగులు దొరికితే పైకి తంతుంది. ఆ పగులు ఉన్నంత కాలమే ఊట. చుట్టూ ఎవరికివాళ్ళు బోర్లు వేస్తే పైకి తన్నే బలం తగ్గిపోతుంది. న్యూజిలాండ్‌లోని రోటొరువాలో ఇదే జరిగింది. ఇళ్ళకు, హోటళ్ళకు వేడినీళ్ళ కోసం బోర్లు వేసుకుంటూ పోతే వేడినీటి ఫౌంటెన్లు నీరసించాయి. 1986, 87ల్లో ప్రభుత్వం పెద్ద ఫౌంటెన్‌కు కిలోమీటరున్నర లోపలున్న బోర్లను మూయించింది. తర్వాత ఊటలు కోలుకున్నాయి. బోర్లు ఎండి బోరుమన్న జిల్లా మనది. ఈ సంగతి మనకు ఒకరు చెప్పాలా?

ఫిబ్రవరి 2, ఆదివారం

ఊట గురించి ఏం చదివినా కళ్ళు మోరీ వైపే పోతున్నాయి.

జనం డబ్బులు పోగేసి కమాను కడతారు, గోపురానికి రంగులేస్తారు, పలకమీద దాతల పేర్లు చెక్కిస్తారు. నీళ్ళు పోయే దారికి పైసా ఇచ్చినవాళ్ళ పేరు ఏ పలక మీదా చూడలేదు. ఇంగ్లండులోని బాత్ నగరంలో రోమన్లు కట్టిన స్నానశాల ఉంది. రోజుకు పది లక్షల లీటర్లకు పైగా, 46 డిగ్రీల నీళ్ళు వస్తాయి. మిగులు నీటిని ఏవన్ నదికి తీసుకెళ్ళే రోమన్ల కాలువ దాదాపు రెండు వేల ఏళ్ళ తర్వాత ఇప్పటికీ పని చేస్తోంది. మనిషి లోపలికి దిగి పూడిక తీయగలిగేంత వెడల్పుగా కట్టారు. అదీ ముందుచూపు.

అంతటి చోట కూడా 1978లో స్నానాలు ఆపేశారు. ఆ నీళ్ళలో ఈదిన ఒక ఆడపిల్ల మెదడువాపుతో చనిపోయింది. ముక్కులోంచి మెదడుకు పాకే అమీబా దానికి కారణం. గోరువెచ్చని నీళ్ళంటే దానికి ప్రాణం. లోతులోంచి శుభ్రమైన నీళ్ళు తేవడానికి కొత్త బోర్లు వేసి, కొత్త స్నానశాల కట్టి, 2006లో గానీ తలుపులు తెరవలేదు. నిరుడు కేరళలో పిల్లల్ని పొట్టన పెట్టుకుందీ ఈ జాతి జబ్బే. కాబట్టి ఉడుకు నీళ్ళ ఊట ఎక్కడున్నా గోడమీద పెద్దక్షరాలతో రాయాలి: తల ముంచకండి, ముక్కులోకి నీళ్ళు పోనీకండి, పిల్లల్ని మునకలు వేయనీకండి.

ఫిబ్రవరి 3, సోమవారం

బ్లీచింగ్ వేస్తే సరిపోదా అని మా తమ్ముడు అడిగాడు. మామూలు నీళ్ళకైతే సరే. గంధకం నీళ్ళలో వేసిన క్లోరిన్‌ను ముందు గంధకమే తినేస్తుంది, క్రిములకు మిగిలేది తక్కువ, పైగా నీళ్ళు పాలవిరుగుడులా తెల్లబడతాయి. అందుకే అక్కడ పారుదలే శుభ్రత. తొట్టి మూడు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మీటరు లోతు అనుకుందాం. పన్నెండు వేల లీటర్లు. ఊట నిమిషానికి వంద లీటర్లు ఇస్తే రెండు గంటల్లో నిండుతుంది. రాత్రి పూర్తిగా వదిలేసి, నాచు గీకి, తెల్లారేసరికి మళ్ళీ నింపుకోవచ్చు. ఊట ఎంత ఇస్తుందో తెలియాలంటే ఇంజనీరు అక్కర్లేదు, ఒక బకెట్టు, సెల్‌ఫోన్‌లో గడియారం చాలు. నెలనెలా కొలిచి పుస్తకంలో రాసిపెడితే ఊట బలం తగ్గేది ముందే తెలుస్తుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

జపాన్‌లో వేడినీటి ఊటలకు 1948 నుంచే చట్టం ఉంది. తొట్టిలో దిగేముందు బయట పీట మీద కూచుని సబ్బుతో ఒళ్ళు కడుక్కుని తీరాలి, తొట్టిలో సబ్బు ముట్టరు. మన దగ్గర ఇంత పెద్ద జనాభాలో అది సాధ్యమా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గుడి ముందు చెప్పులు విప్పడం, కాళ్ళు కడగడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తొట్టికి ముందు నాలుగు నల్లాలు, జారని నాపరాళ్ళు, ఆడవాళ్ళు బట్టలు మార్చుకోడానికి గొళ్ళెం సరిగ్గా పడే గది ఉంటే జనమే పాటిస్తారు.

గొళ్ళెం మాట అమ్మ చెప్పింది. నాకు తట్టనే లేదు. ఇంకోటి కూడా చెప్పింది: మెట్ల పక్కన పట్టుకోడానికి కడ్డీ. మోకాళ్ళ నొప్పితో వచ్చేవాళ్ళే ఎక్కువ గదా! ఇనుము పెడితే గంధకం ఆవిరికి తుప్పు పట్టి చేతికి గుచ్చుకుంటుంది. సిమెంటునూ ఆ ఆవిరి తినేస్తుంది, తడిగోడ మీద చేరే క్రిములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. నల్లరాయి మెట్లు, రాతి గోడ ఇలాంటిచోట నాలుగు తరాలు నిలుస్తాయి. పాతవాళ్ళు రాయి వాడింది పిసినారితనంతో కాదు.

ఫిబ్రవరి 26, బుధవారం, శివరాత్రి

ఇవాళ ఏ శివాలయం కోనేరు చూసినా జనమే. మాకు దగ్గర్లో జానకంపేట నరసింహస్వామి గుడి దగ్గర ఎనిమిది ముఖాల కోనేరు ఉంది, అష్టముఖి అంటారు. చూసిన ప్రతిసారీ ఆ మెట్ల లెక్కకు ముచ్చటేస్తుంది. ఇది చన్నీళ్ళదే. అయినా తిప్పలు ఒకటే: జనం దిగే చోట పీచు, పూలు, షాంపూ కవర్లు. హైదరాబాద్ బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్లబావిని బాగుచేసి 2022 డిసెంబర్‌లో తెరిచారు. గొప్ప పని. అలాంటి పనికి రిబ్బన్ కత్తిరించిన మర్నాటి నుంచి రోజూ చీపురు పట్టే మనిషి కావాలి, ఆ మనిషికి నెల తిరిగేసరికి జీతం అందాలి. బాగుచేసే ప్రతి అంచనాలోనూ మొదటి వరుసలో ఆ జీతమే రాయాలని నా పట్టుదల.

మార్చి 16, ఆదివారం

కడాయిలు పొయ్యెక్కాయి. ఊరంతా ఉడికిన పసుపు వాసన. అమ్మ పొయ్యి దగ్గర కూచుని కొమ్ము నొక్కి చూస్తోంది, ఉడికిందో లేదో ఆమె వేలికే తెలుసు.

మా పొలం దారిలో పాత దిగుడు బావి ఉంది. మిగులు నీళ్ళు పోయే తూము మట్టితో, కంపతో మూసుకుపోయి ఏళ్ళయింది. పొద్దున నలుగురం పార, గడ్డపార పట్టుకుపోయి మూరెడు లోతున తవ్వితే రాతి తూము మూతి బయటపడింది. నీళ్ళు ముందు నల్లగా, తర్వాత ఎర్రగా పారాయి. మూతికి జాలీ పెట్టించాలి. స్టీలుదైతే ఎంతవుతుందో నిజామాబాద్‌లో కనుక్కోమని తమ్ముడికి చెప్పాను. మెట్లకు కడ్డీ కూడా అడగమంది అమ్మ.