ఆ కీ నొక్కొద్దు

లక్డారం క్రషర్ల దగ్గర వేబ్రిడ్జి గదుల్లో కంప్యూటర్లను చూస్తే జాలేస్తుంది. కీబోర్డు నిండా తెల్లటి రాతిపొడి, బయట కంకర టిప్పర్ల లైను. కరెంటు పోతుంది, యూపీఎస్‌ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. మళ్లీ ఆన్ చేయగానే, డిస్క్ చెక్ చేస్తాను, వద్దంటే ఏదైనా కీ నొక్కమంటుంది విండోస్. బయట డ్రైవర్ హారన్ కొడుతుంటాడు. మనవాళ్లు నొక్కేస్తారు.

తమ్ముళ్లూ, నొక్కొద్దు. రాస్తుండగా కరెంటు పోతే ఫైలు ఒకలా, డిస్కులో దాని లెక్క ఇంకోలా మిగిలిపోవచ్చు. ఆ తేడా మీదే కొత్త తూకాలు రాస్తూ పోతే పాత బిల్లులు చెడిపోయే ప్రమాదం ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్, 2001లో లినక్స్‌లోకి వచ్చిన ఈఎక్స్‌టీ3 లాంటి ఫైల్ సిస్టమ్‌లు చేయబోయే మార్పును ముందే జర్నల్‌లో రాసుకుంటాయి, అందుకే చాలాసార్లు క్షణాల్లో సర్దుకుంటాయి. కానీ ఆ జర్నల్ ముఖ్యంగా కాపాడేది ఫైళ్ల అమరికను. సగం రాసిన మీ తూకం చీటీని కాదు.

హార్డ్‌డిస్క్ టకటకమంటుంటే మాత్రం ఈ డిస్క్ చెక్, రిపేరు నడపకండి, ముందు డేటా బయటికి తీయించండి. రిపేరయ్యాక ఫౌండ్.000 అనే ఫోల్డర్ కనిపిస్తే డిలీట్ చేయొద్దు, దొరికిన ముక్కలు అందులోనే ఉంటాయి. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించమని సేటుకు ఈ వారమే చెప్పండి.