మరల్ జిద్దు

మనిళ్లలో మరల్, బజారులో కొర్రమీను. 2016 నుంచి తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిరకి బత్తిని వారి మందుతో మింగించే పిల్ల చేపా ఇదే. గాలానికి మాత్రం మహా జిద్దీ. రబ్బరు కప్పను మూతి ముందు లాగినా ఒక్కోసారి కదలదు.

అబ్బా ఫజర్ తర్వాత తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌కి నడిచేవారు, భుజాన గాలపు కర్రతో. ఆర్ట్స్ కాలేజీ ముందు చెప్పు విడిచి, కప్పను సరిగ్గా దాని పక్కన పడేలా విసరడం మష్క్ చేసేవారు. వాకింగ్‌కొచ్చినవాళ్లు "ఏం పడింది జనాబ్?" అంటే "బాటా, ఎనిమిదో నంబరు" అనేవారు.

మరల్ గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే. ఆ బుడగ చూసి విసరాలి. పిల్లలున్న రోజుల్లో మరీ ఆసాన్. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది, కింద తల్లో తండ్రో కాపలా. అప్పుడు కప్పని కొరికేది ఆకలితో కాదు, గుస్సాతో.

మావాడు ఫోన్లో వీడియోలు చూసి అలాగే పడతానన్నాడు. "మచ్లీ హలాలే కదా దాదా, జబహ్ కూడా అక్కర్లేదు."

అబ్బా సూరె ఆరాఫ్‌లోని సబ్త్ వాళ్ల కిస్సా చెప్పారు. పట్టొద్దన్న రోజే చేపలు పైకి తేలి వచ్చేవట.

"ఆ హుకుం వాళ్లకి, మనకి కాదుగా!"

వాడన్నదీ సహీ. అయినా నా ఓటు అబ్బాకే. కాపలా పోతే ఆ పిల్లలు మిగతా చేపల నోట్లోకే.

మోకాళ్ల నొప్పితో అబ్బా ఇప్పుడు చెరువు దాకా రాలేరు. ఈ ఆదివారం వాడొక్కడే వెళ్తున్నాడు. కర్ర తుడిచి వాడి చేతికిచ్చారు. షర్తేమీ పెట్టలేదు.