మంచు అంచు గీత

27 డిసెంబరు 2021, ట్రోమ్సో
23 నుంచి సెంటినెల్-1బి రాడార్ ఉపగ్రహం పలకడం లేదు. కరెంటు సరఫరాలో ఏదో అంటున్నారు. పండగ రోజులు, ఎవర్నడగాలి? దాని జంట 1ఎ ఒక్కటే దిక్కు. స్వాల్‌బార్డ్ తూర్పున ఇవాళ దృశ్యమే లేదు. మైక్రోవేవ్ సెన్సర్ ఏఎంఎస్‌ఆర్2 చూసి మంచు అంచు గీశాను. ఒక్కో చుక్క కిలోమీటర్ల మేర. అదీ ఒక గీతేనా...

5 జనవరి 2022
అమ్మ ఫోను. "పొద్దే పొడవదంటివి గదా, ఇంక మంచెట్టా కనపడుద్దిరా?" రాడార్‌కి వెలుతురు అక్కర్లేదమ్మా అన్నాను. నమ్మినట్టు లేదు. అరిసెలు పంపే సంగతెత్తింది.

14 జనవరి
బేరెంట్స్ సముద్రంలో గాలి. రాడార్ హెచ్‌హెచ్ ధ్రువణంలో నీళ్ళూ మంచూ ఒకటే తెలుపు. హెచ్‌వీ పెడితే నీరు నల్లబడింది గానీ, అందులోనూ పట్టీల చారలు. కళ్ళు మూసుకున్నా అవే.

24 జనవరి
శని, ఆదివారాలు మా మంచు పటం లేదు. ఈలోగా ఉత్తరగాలి. అంచు బాగా కిందికి దిగింది. శుక్రవారం గీతని నమ్ముకుని వెళ్ళిన రొయ్యల ట్రాలర్లు? ఎవరూ ఏమీ రాయలేదు. రాయకపోతే క్షేమమనేనా?

30 జనవరి
హాన్స్ హెడ్‌టోఫ్ట్ ఓడ మునిగింది ఇవాళే, 1959లో. మొదటి ప్రయాణం, తిరుగు దారి. ఫేర్‌వెల్ అగ్రం దగ్గర. 95 మంది. తొమ్మిది నెలలకి ఐస్‌లాండ్ ఒడ్డున ఒక్క లైఫ్‌బాయ్ దొరికింది. ఆ తర్వాతే గ్రీన్‌లాండ్‌లో మంచు గస్తీ. ఎప్పుడూ తర్వాతే.

9 ఫిబ్రవరి
ఒక ట్రాలర్ ఉపగ్రహ బొమ్మ అడిగింది. 76 డిగ్రీలు దాటాక వాళ్ళకి ఇంటర్నెట్ లైను అంతంతమాత్రం. 400 కిలోమీటర్ల దృశ్యాన్ని కోసి, కుదించి, తపాలా బిళ్ళంత చేసి పంపాను. రాత్రికి జవాబు: మీరు పసుపు వేసినచోట ఎరుపుంది. పల్చటిదన్నచోట దట్టమైన మంచు. దృశ్యం పొద్దుటిది. గాలి మధ్యాహ్నం తిరిగింది.

10 ఫిబ్రవరి
దృశ్యం ఏ గంటదో పటం మీద పెద్దక్షరాలతో వేస్తున్నాను. పక్కసీటాయన నవ్వాడు. మన సరుకు పాతదని మనమే చాటుకోవాలా అని. చాటుకోవద్దా?

28 జూన్
కరుగు. మంచు మీద నీటి మడుగులు. ఏఎంఎస్‌ఆర్2 వాటిని సముద్రమనే అంటోంది. రాడార్‌లోనూ పాత మంచేదో కొత్తదేదో తేలడం లేదు. చీకట్లో తెలిసింది, ఇరవై నాలుగు గంటల ఎండలో తెలియట్లేదు. అమ్మకి చెబితే నవ్వుద్ది.

4 ఆగస్టు
నిన్న ఐరోపా అంతరిక్ష సంస్థ చెప్పేసింది. 1బి ఇక లేనట్టే. దాని బదులు 1సి ఎప్పుడెగురుతుందో. ఆఫీసులో ఎవరూ ఆశ్చర్యపోలేదు, కాఫీ దగ్గర ఓ మాట, అంతే.
ఆ ట్రాలర్ వాళ్ళు మళ్ళీ రాశారు. బొమ్మకంటే ముందు గంట అడిగారు. పన్నెండు గంటల కిందటిదని రాశాను. సరే, వెలుతురుంది, మిగతాది మేం చూసుకుంటామన్నారు.